గురుడి చుట్టూ తిరిగే ఆ నలుగురు ఎవరు? గ్రహాల చందమామలు, గ్రీకు పురాణాల పేర్లు

డాబామీద_మాస్టారు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతాను. మొన్న శనివారం రాత్రి బడి డాబా మీద నాలుగంగుళాల టెలిస్కోపు పెట్టి ఎనిమిదో తరగతి వాళ్ళకి గురుగ్రహం చూపించాను. చిన్న పళ్ళెంలా గ్రహం, దానికి ఒకవైపు మూడు చుక్కలు, రెండోవైపు ఒకటి, అన్నీ ఒకే గీత మీద. అయో, యూరోపా, గానిమీడ్, కాలిస్టో అని చెప్పాను.

ఒక అమ్మాయి "ఎవరు సార్ వీళ్ళు?" అంది. నాకు తెలిసినంత చెప్పాను. గ్రీకుల దేవరాజు జ్యూస్, ఆయన్నే రోమన్లు జూపిటర్ అన్నారు. ఆయన మోహించినవాళ్ళు ఈ నలుగురూ. అయోని ఆవుని చేశాడు. యూరోపా దగ్గరికి ఎద్దు రూపంలో వచ్చి, వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటించేశాడు. గానిమీడ్ అనే కుర్రవాణ్ని గద్ద రూపంలో ఎత్తుకుపోయాడు. కాలిస్టో ఎలుగుబంటి అయిపోయింది.

ఆ అమ్మాయి మళ్ళీ ఐపీసుకి కన్ను ఆనించి కాసేపు చూసి, "అంటే తమని ఎత్తుకుపోయినవాడి చుట్టూనే ఇంకా తిరుగుతున్నారా సార్?" అంది.

గురుత్వాకర్షణ గురించి ఏదో చెప్పి దాటేశాను. ఆ పిల్ల అడిగింది అది కాదని నాకూ తెలుసు, తనకీ తెలుసు. ఈ శనివారం మళ్ళీ డాబా ఎక్కుతాం. ఈ పేర్లు ఎవరు పెట్టారు, ఏమనుకుని పెట్టారు? తెలిసినవాళ్ళు చెప్పండి. ఊరికే పేర్ల జాబితా వద్దు, పిల్లలకి చెప్పగలిగేలా కావాలి.

వేగుచుక్క | సోమవారం, రాత్రి 10:15

మాస్టారూ, ఆ పిల్ల ప్రశ్న చదివి ఒక్క నిమిషం అలా ఉండిపోయాను. 1610లో వీటిని కనిపెట్టింది గెలీలియో కదా. పేర్లు కూడా ఆయనే పెట్టి ఉంటాడనుకుంటున్నాను.

నూరెంబర్గ్_నుంచి | మంగళవారం, తెల్లవారుజామున 2:05

వేగుచుక్క గారూ, గెలీలియో కాదండీ. ఆయన తన పోషకుల పేరు మీద "మెడిచీ నక్షత్రాలు" అన్నాడు. ఇప్పుడు మనం వాడే పేర్లు సైమన్ మారియుస్ అనే జర్మన్ జ్యోతిశ్శాస్త్రవేత్తవి. నేనుండే నూరెంబర్గ్‌కి నైరుతి దిక్కున ఆన్స్‌బాఖ్ అని ఊరుంది. మారియుస్ అక్కడి ఆస్థానంలో పనిచేశాడు. పుట్టిన ఊరు గుంజెన్‌హౌజెన్, అక్కడ హైస్కూలుకి ఇప్పటికీ ఆయన పేరే.

ఆయన కథ కాస్త బాధగా ఉంటుంది. గెలీలియో మొదటిసారి చూసింది 1610 జనవరి 7న. మారియుస్ తన తొలి నమోదుకి వేసుకున్న తేదీ 1609 డిసెంబరు 29. చూడగానే ఈయనే ముందు అనిపిస్తుంది. కానీ ఆన్స్‌బాఖ్‌లో అప్పటికి పాత క్యాలెండరే నడుస్తోంది. కొత్త లెక్కలోకి మారిస్తే అది 1610 జనవరి 8. ఒకే పండగ రెండు పంచాంగాల్లో రెండు రోజులకి పడటం చూసిన మనకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక్క రోజు తేడా! పైగా మారియుస్ తన పుస్తకాన్ని 1614 దాకా అచ్చు వేయలేదు. 1623లో గెలీలియో ఆయన్ని దొంగ అని అచ్చులోనే తిట్టాడు. ఆ మచ్చ చాలాకాలం పోలేదు. ఆయన పరిశీలనలు ఆయన సొంతమేనని తరవాతి పండితులు లెక్కలు కట్టి ఒప్పుకున్నారు.

పేర్ల ఆలోచన మాత్రం పూర్తిగా మారియుస్‌ది కూడా కాదు. 1613 అక్టోబరులో రేగెన్స్‌బర్గ్ సంతలో కెప్లర్ కలిసి మాటల్లో ఇచ్చిన సలహా అని ఆయనే రాసుకున్నాడు. ఈ నాలుగు చుక్కలకీ మేమిద్దరం తండ్రులం అని స్నేహంగా చెప్పుకున్నాడు.

మాస్టారూ, మీ విద్యార్థినికి పనికొచ్చే సంగతి ఇది. ఆ పుస్తకంలో పేర్లు పెట్టే చోట మారియుస్ మొదలుపెట్టడమే, ఈ అక్రమ ప్రేమల కోసం కవులు జూపిటర్‌ని బాగా నిందించారు అని మొదలుపెడతాడు. అంటే నేరం దాచి పేర్లు పెట్టలేదు. నింద కూడా పేర్లతోపాటే ఆకాశానికెక్కింది.

పాతపుటలు | మంగళవారం, ఉదయం 7:30

పై వ్యాఖ్యకి ఒక చేర్పు. మారియుస్ పెట్టిన పేర్లని దాదాపు మూడు వందల ఏళ్ళు ఎవరూ పెద్దగా వాడలేదు. గురుడి ఒకటో ఉపగ్రహం, రెండోది, మూడోది అని అంకెలతోనే పిలిచేవారు. 1676లో రోమర్ అనే డెన్మార్క్ జ్యోతిశ్శాస్త్రవేత్త ఒకటో ఉపగ్రహం గ్రహణాల వేళలు చూసి కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని తేల్చినప్పుడు కూడా అది పేరు లేని ఒకటోదే.

అంకెలకి ఎసరు పెట్టింది 1892లో బార్నార్డ్ చూసిన అయిదో ఉపగ్రహం. అది అయోకన్నా లోపల తిరుగుతోంది. దూరాన్ని బట్టి చూస్తే అదే ఒకటోది కావాలి, కనిపెట్టిన వరసలో అయిదోది. ఇరవయ్యో శతాబ్దంలో ఇంకా ఇంకా దొరికేసరికి అంకెలతో నెట్టుకురావడం కష్టమైంది, పేర్లు మళ్ళీ బతికాయి. శని దగ్గర ఈ చిక్కు ఇంకా ముందే వచ్చింది. దాని గురించి సాయంత్రం రాస్తాను, అది తీరిగ్గా చెప్పుకోవాల్సిన కథ.

వేగుచుక్క | మంగళవారం, మధ్యాహ్నం 1:10

నా పొరపాటు సరిదిద్దినందుకు ధన్యవాదాలండీ.

మాస్టారూ, నాకు తోచింది చెబుతాను. మన పత్రికల్లో వీళ్ళని "జూపిటర్ ప్రేయసులు" అని రాసేస్తుంటారు. ఆ మాట పిల్లల ముందు వాడకండి. అయో ఒక పూజారిణి. జ్యూస్ కంటపడటం తప్ప ఆమె చేసింది ఏమీ లేదు. భార్య హేరాకి దొరక్కుండా ఆమెని ఆవుని చేస్తే, హేరా ఆ ఆవునే అడిగి తీసుకుని నూరు కళ్ళ ఆర్గస్‌ని కాపలా పెట్టింది. హెర్మెస్ వాణ్ని చంపాక ఆ కళ్ళని నెమలి పింఛానికి అతికించింది. తరవాత ఒక జోరీగని తోలింది. అది కుడుతుంటే అయో దేశాలన్నీ పడి పరిగెత్తింది. ఇస్తాంబుల్ దగ్గరి బోస్పొరస్ జలసంధి పేరుకి అర్థం "ఆవు దాటిన రేవు". ఆమె దాటిన చోటు అన్నమాట.

మనవాళ్ళకి ఇది చెప్పగానే అహల్య గుర్తొస్తుంది. అక్కడా దేవరాజే, అక్కడా మారువేషమే. కానీ మన కథలో ఇంద్రుడికీ శాపం తగిలింది. గ్రీకు కథల్లో జ్యూస్‌కి ఏ శిక్షా లేదు, హేరా కోపమంతా ఆడవాళ్ళ మీదే. చదివిన ప్రతిసారీ నాకు కడుపు రగిలేది ఇక్కడే.

గానిమీడ్ తండ్రి ట్రాయ్ రాజు. కొడుకుని తీసుకెళ్ళినందుకు ఆయనకి బదులుగా దివ్యాశ్వాలు ఇచ్చారట. కొడుక్కి బదులు గుర్రాలు! ఆ కుర్రవాడు దేవతలకి పానపాత్ర అందించేవాడుగా ఉండిపోయాడు.

డాబామీద_మాస్టారు | మంగళవారం, రాత్రి 8:50

"ప్రేయసులు" అన్న మాట నేనే వాడానమ్మా శనివారం. ఇక వాడను.

అయో చివరికి ఏమైంది? ఆవుగానే ఉండిపోయిందా? ఆ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది.

వేగుచుక్క | మంగళవారం, రాత్రి 9:05

లేదండీ. ఈజిప్టు చేరాక మనిషి రూపం తిరిగి వచ్చింది, కొడుకు పుట్టాడు. గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ నాటకంలో ఒక ఘట్టం ఉంది. పరిగెత్తి పరిగెత్తి వచ్చిన అయోకి మనుషులకి నిప్పు తెచ్చి ఇచ్చినందుకు కొండకి గొలుసులతో బంధించిన ప్రొమీథియస్ ఎదురవుతాడు. జ్యూస్ వల్ల నలిగినవాళ్ళే ఇద్దరూ. నీ వంశంలో పుట్టబోయేవాడే నన్ను విడిపిస్తాడు అని అతను ఆమెకి చెబుతాడు. ఆ పుట్టబోయేవాడు హెరాక్లీస్. ఈ ముక్క చెప్పండి పిల్లలకి. కథని ఆవు దగ్గర ఆపేయకండి.

అలలూ_గతులూ | మంగళవారం, రాత్రి 11:30

ప్రొమీథియస్ అంటే ఒకటి చెప్పాలి. అయో ఉపగ్రహం మీద ప్రొమీథియస్ పేరుతో ఒక అగ్నిపర్వతం ఉంది! 1979లో వాయేజర్ నౌక వెళ్ళినప్పుడూ చిమ్ముతోంది, 1990ల చివర గెలీలియో నౌక వెళ్ళినప్పుడూ చిమ్ముతోంది. నాటకంలో కలిసిన ఇద్దరూ అక్కడ మళ్ళీ కలిశారు. అయో మీద గుర్తులకి లోకంలోని అగ్ని దేవతల పేర్లు, సూర్య దేవతల పేర్లు పెడతారు. మన "సూర్య" పేరుతో కూడా అక్కడ ఒక అగ్నిపర్వత బిలం ఉంది.

అసలు అయో ఎందుకు మండుతోందో మాస్టారు పిల్లలకి తప్పక చెప్పాలి. అయో నాలుగు చుట్లు తిరిగేసరికి యూరోపా రెండు, గానిమీడ్ ఒకటి తిరుగుతాయి. అందుకని ఈ మూడూ ఎప్పుడూ ఒకే లయలో కలుస్తూ ఒకదాన్నొకటి లాగుతాయి. ఆ లాగుడుకి అయో కక్ష్య గుండ్రంగా స్థిరపడదు. గురుడికి ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వెళుతుంది. ప్రతి 42న్నర గంటలకీ దాని రాతి నేలే ఆటుపోట్లలా పొంగి దిగుతుంది. చపాతీ పిండి పిసికినట్టు లోపలంతా రాపిడి, ఆ రాపిడికే వేడి. పీల్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలా జరిగి ఉండాలని లెక్క కట్టి 1979 మార్చి 2న ప్రచురించారు. వారం తిరక్కుండా, మార్చి 8న వాయేజర్ 1 తీసిన ఫొటోలో లిండా మొరబీటో అనే ఇంజనీరు అయో అంచున లేచిన పొగని పట్టుకుంది.

జోరీగ కుడుతుంటే ఒక్కచోట నిలవలేకపోయిన అయో కథకీ, నిమిషం స్థిమితం లేని ఈ నేలకీ పోలిక నేను కావాలని తెచ్చింది కాదు. పేరు పెట్టినప్పుడు అక్కడ ఏముందో ఎవరికీ తెలియదు.

కాలిస్టో ఈ లయలో లేదు. దూరంగా, చల్లగా, పాత గుంటలతో నిండిన ముఖంతో ఉంటుంది. గానిమీడ్ మన బుధగ్రహంకన్నా పెద్దది, 5,268 కిలోమీటర్ల అడ్డుకొలత. సొంత అయస్కాంత క్షేత్రం ఉన్నట్టు మనకి తెలిసిన ఉపగ్రహం అదొక్కటే. యూరోపా మంచు కింద సముద్రం ఉందని బలమైన ఆధారాలున్నాయి. అది చూడటానికి క్లిప్పర్ నౌక 2024 అక్టోబరులో బయలుదేరింది, 2030లో చేరుతుంది.

అక్షరాలత్త | బుధవారం, ఉదయం 10:00

నాయనా మాస్టారూ, బోర్డు మీద పేర్లు రాస్తావు కాబట్టి చెబుతున్నా. "అయో" ఇంగ్లీషు పలుకుబడి. గ్రీకులో అది "ఈయో"కి దగ్గర. తెలుగులో ఏది రాసినా తప్పు కాదు కానీ ఒకటే పట్టుకో, ఒక రోజు అయో అనీ మరో రోజు ఇయో అనీ రాస్తే పిల్లలు రెండు ఉపగ్రహాలనుకుంటారు. నా ఓటు అయోకే, అందరికీ అలవాటైపోయింది.

ఇంకొకటి. మన భాషలో "ఉపగ్రహం" అనగానే ఇవాళ పిల్లలకి శ్రీహరికోట నుంచి లేచేది గుర్తొస్తోంది. "గురుడి చందమామలు" అని చెప్పు, ఏం పోయింది? మా అమ్మ గోరుముద్దలు తినిపిస్తూ చూపించిన చందమామకి తోబుట్టువులు అక్కడ బోలెడుమంది ఉన్నారంటే పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది.

అలలూ_గతులూ | బుధవారం, రాత్రి 9:20

మాస్టారూ, ఆ అమ్మాయి ప్రశ్న నన్నూ వదల్లేదు. గురుడి చుట్టూ ఉన్నవాళ్ళంతా అతను చెరిచినవాళ్ళేనా అని వరసగా చూశాను. కాదు.

పైన పాతపుటలు గారు చెప్పిన 1892 ఉపగ్రహం పేరు అమాల్థియా. జ్యూస్ పసివాడుగా ఉన్నప్పుడు క్రీట్ గుహలో పాలిచ్చి పెంచినది. మేక అని కొందరు, వనదేవత అని కొందరు చెబుతారు. తండ్రి క్రోనస్, నీ బిడ్డే నిన్ను దించేస్తాడన్న మాట విని పుట్టినవాళ్ళని పుట్టినట్టే మింగేస్తుంటే, తల్లి రియా ఈ బిడ్డ బదులు గుడ్డలో చుట్టిన రాయి ఇచ్చి బిడ్డని దాచింది. కంసుడు, దేవకి, యశోద తెలిసిన మన పిల్లలకి ఇది సగం తెలిసిన కథే. అమాల్థియాకన్నా లోపల అడ్రాస్టియా ఉంది. ఆమె కూడా ఆ పసివాణ్ని సాకిన వనదేవతే. అంటే అయో, యూరోపాలకన్నా దగ్గరగా ఇద్దరు పెంపుడు తల్లులు తిరుగుతున్నారు.

అన్నిటికన్నా లోపల మెటిస్. జ్యూస్ మొదటి భార్య, తెలివికి దేవత. ఆమెకి పుట్టబోయే కొడుకు తనని దించేస్తాడని జోస్యం వింటే తండ్రి చేసిన పనే జ్యూసూ చేశాడు. కడుపుతో ఉన్న మెటిస్‌ని మింగేశాడు. ఇప్పుడు లెక్క చూడండి. గురుడు తన చుట్టూ తాను తిరగడానికి పది గంటలకి అయిదు నిమిషాలు తక్కువ. మెటిస్ ఏడు గంటల్లోనే గురుణ్ని చుట్టేస్తుంది. గ్రహం తిరిగే వేగంకన్నా ముందుగా పరిగెత్తే చందమామ ఏదైనా, దాని వల్ల గ్రహంలో లేచే పొంగు దానికి వెనకబడి దాన్ని వెనక్కే లాగుతుంది. అది కొద్దికొద్దిగా కిందికి జారుతుంది. మన చందమామ సంగతి దీనికి ఎదురు, ఏడాదికి 3.8 సెంటీమీటర్లు దూరమవుతోంది. మెటిస్ ఎప్పటికో గానీ, చివరికి గురుడిలోకే పోతుంది.

1979లో వాయేజర్ ఫొటోల్లో దొరికిన చుక్కకి మింగబడ్డ ఆవిడ పేరే పెట్టారు. నాకు ఈ సంగతి తట్టిన రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

పాతపుటలు | గురువారం, సాయంత్రం 6:45

ఆలస్యానికి మన్నించండి. శని సంగతి.

1655లో హైగన్స్ ఒకటి, తరవాత కసీని నాలుగు, 1789లో విలియం హెర్షెల్ రెండు, మొత్తం ఏడు. దూరాన్ని బట్టి అంకెలు వేసేవారు కాబట్టి కొత్తది దొరికినప్పుడల్లా పాతవాటి అంకెలు మారిపోయి గందరగోళం. విలియం కొడుకు జాన్ హెర్షెల్ దక్షిణాఫ్రికాలో ఆకాశం చూసి వచ్చి 1847లో వేసిన గ్రంథంలో దీన్ని సరిచేశాడు. ఆయన వాదన వినండి. శని అంటే రోమన్ల సాటర్న్, అంటే అలలూ గతులూ గారు చెప్పిన ఆ క్రోనసే. బిడ్డల్ని మింగినవాడి చుట్టూ బిడ్డలు ఎలా ఉంటారు? కాబట్టి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పేర్లే పెట్టాలి. వాళ్ళే టైటాన్లు. అలా వచ్చినవే రియా, టెథిస్, డయోనీ, ఇయాపెటస్. అందరిలోకీ పెద్దదానికి కులం పేరే ఇచ్చేశాడు, టైటాన్ అని.

మైమస్, ఎన్సెలాడస్ మాత్రం టైటాన్లు కారు, దేవతలతో యుద్ధం చేసిన రాక్షసులు. ఎన్సెలాడస్‌ని సిసిలీ ద్వీపం కింద పూడ్చేశారని, ఎట్నా కొండ నుంచి వచ్చేది అతని ఊపిరేనని కథ. 2005లో కసీని నౌక చూసింది: 504 కిలోమీటర్ల ఆ చిన్న మంచు ముద్ద దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు తుంపర అంతరిక్షంలోకి ఎగజిమ్ముతున్నాయి. పూడ్చినవాడు ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు.

ఒక మాట. మన శని వేరు, వాళ్ళ సాటర్న్ వేరు. ఛాయాదేవి కొడుకు మెల్లగా నడిచేవాడు కాబట్టి శనైశ్చరుడు. బృహస్పతి దేవతల గురువే గానీ రాజు కాడు. ఈ గ్రీకు పేర్లని మన గ్రహదేవతల కథలతో కలిపి చెబితే పిల్లలు తికమకపడతారు. రెండు కథలూ చెప్పండి, విడివిడిగా చెప్పండి.

చీకటి_ఆకాశం | గురువారం, రాత్రి 10:10

ఇక్కడ కొత్తవాణ్ని. ఆ అమ్మాయికి ఇంకో కథ చెప్పండి మాస్టారూ. 1877 ఆగస్టులో వాషింగ్టన్‌లో అసఫ్ హాల్ అంగారకుడి చుట్టూ వెతికి వెతికి ఇక లేవని వదిలేయబోతే, భార్య ఏంజెలీన్ స్టిక్నీ ఇంకొక్క రాత్రి చూడమని పంపింది. రెండు దొరికాయి. యుద్ధదేవత ఏరీస్ రథానికి గుర్రాలు కట్టే ఫోబోస్, డీమోస్ పేర్లు, అంటే భయం, భీతి అనుకోండి, సూచించింది ఇంగ్లండులో హెన్రీ మడాన్ అనే ఉపాధ్యాయుడు. ఫోబోస్ మీది అతి పెద్ద గుంటకి ఏంజెలీన్ పుట్టింటి పేరే పెట్టారు, స్టిక్నీ అని. ఆ ఫోబోస్ కూడా మెటిస్‌లాగే రోజురోజుకీ కిందికి జారుతున్నదే.

ఆ మడాన్ గారి తమ్ముడి మనవరాలు వెనీషియా బర్నీ. 1930లో కొత్త గ్రహం దొరికిందని తాతగారు పొద్దున్నే పేపరు చదివి వినిపిస్తే, ప్లూటో అని పెట్టవచ్చుగా అంది. చీకటి లోకపు దొర పేరు. అదే ఖాయమైంది. అప్పుడా పిల్లకి పదకొండేళ్ళు.

వేగుచుక్క | శుక్రవారం, మధ్యాహ్నం 2:30

కాలిస్టోని మనం వదిలేశాం. ఆమె వేట దేవత ఆర్టెమిస్ వెంట అడవుల్లో తిరిగే వేటగత్తె. జ్యూస్ ఆ ఆర్టెమిస్ రూపంలోనే వచ్చి మోసం చేశాడు. ఎలుగుబంటి అయ్యాక సొంత కొడుకే ఆమెని వేటాడబోతే ఆకాశానికి ఎత్తారు. అదే పెద్ద ఎలుగు రాశి. మన సప్తర్షి మండలం అందులో భాగం. అప్పటికీ హేరా కోపం తీరక, ఈమె ఏనాడూ సముద్రంలో స్నానం చేయకూడదని కట్టడి చేయించింది. గ్రీసులో ఆ చుక్కలు ఎప్పుడూ అస్తమించవు కదా, అందుకని ఈ కథ.

డాబామీద_మాస్టారు | శుక్రవారం, రాత్రి 9:15

వేగుచుక్కమ్మా, ఇది చదవగానే కాగితం తీసి లెక్క వేశాను. ధ్రువనక్షత్రం ఏథెన్సులో దిగంతం నుంచి దాదాపు 38 డిగ్రీల ఎత్తున ఉంటుంది, మా ఊళ్ళో పదహారున్నర. సప్తర్షులు ధ్రువానికి 28 నుంచి 41 డిగ్రీల దూరంలో ఉన్నారు. రెండున్నర వేల ఏళ్ళ కిందట ఇంకా దగ్గరే. అందుకని గ్రీకులకి వాళ్ళు మునిగేవారు కాదు. మా దగ్గర ఏడుగురూ మునుగుతారు! హేరా కట్టడి గోదావరి జిల్లాల్లో చెల్లదు. కాలిస్టో ఇక్కడ రోజూ కిందికి దిగి స్నానం చేసి మళ్ళీ లేస్తోంది. ఇది నేను నా కళ్ళతో ఎన్నో ఏళ్ళుగా చూస్తున్నదే, ఇలా చూడాలని మాత్రం తెలియలేదు.

డాబామీద_మాస్టారు | ఆదివారం, ఉదయం 8:00

రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంది. పిల్లలు ముప్పైమంది దాకా వచ్చారు, నలుగురు తల్లులు కూడా. పోయినవారం దాటేశానని ఆ అమ్మాయికి ముందు ఒప్పుకున్నాను. తరవాత మారియుస్ రాసిన నింద చెప్పాను, అయో తిరిగి మనిషవడం చెప్పాను, లోపల తిరిగే ఇద్దరు పెంపుడు తల్లుల గురించి చెప్పాను. మెటిస్ కథ చెప్పినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. 2016 నుంచి గురుడి చుట్టూ తిరిగే నౌకకి జూనో అని, అంటే హేరా రోమన్ పేరే పెట్టారని, మబ్బుల చాటున భర్త ఏం చేస్తున్నాడో చూడటానికి వెళ్ళిందని చెబితే తల్లులు నవ్వారు.

ఆ అమ్మాయి ఐపీసు దగ్గర చాలాసేపు ఉంది. నోటుబుక్కులో గురుణ్ని గీసి, కనిపించిన మూడు చుక్కలు పెట్టి (యూరోపా గురుడి ముందుకి వచ్చి కలిసిపోయింది), ఆ మూడిటికీ పేర్లు రాసింది. గ్రహానికి ఆనుకుని చుక్క లేనిచోట ఇంకో మూడు పేర్లు రాసింది: మెటిస్, అడ్రాస్టియా, అమాల్థియా. మా టెలిస్కోపులో అవి కనబడవమ్మా అంటే, "ఉన్నాయి కదా సార్" అంది.

బోర్డు ఫొటో కింద పెడుతున్నాను. ఈసారి శీర్షిక "గురుడి చందమామలు".

అక్షరాలత్త | ఆదివారం, ఉదయం 8:40

చూశాను నాయనా. గుండ్రంగా చక్కగా రాశావు. మూడో వరసలో "గానిమిడ్" అని హ్రస్వం పడింది, దీర్ఘం పెట్టు. పెద్ద చందమామ అది.